రిలే దీక్షలో ఒకే మనిషి

జనగామ
22-8-2011

సక్రూ,

ఉత్తరం చూసి బెదరకు. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ ఆపేసి అవ్వ బియ్యం డబ్బాలో అడుగున పెట్టాను కాబట్టి ఇట్లా రాయాల్సి వస్తోంది. బియ్యం తీసినప్పుడల్లా చేతికి తగులుతోందట, "గిదేం కొత్త రకం గింజరా" అని నవ్వుతోంది. కన్నతల్లి నవ్వడం నేను విని చాలా రోజులైంది. తప్పు ఆమెది కాదు, చెవుల్లో తీగలు పెట్టుకుని తిరిగింది నేను.

డిగ్రీ హాస్టల్లో నీకు కంప్యూటర్ మీద ఈ ఆట నేర్పిన రోజు గుర్తుందా? "ఇది ఎప్పుడు అయిపోతదన్నా" అని అడిగావు. "అయిపోదురా, రాత్రింబగళ్ళు నడుస్తనే ఉంటది" అని గొప్పగా చెప్పాను. ఆ గొప్పే ఇప్పుడు నా మెడకు చుట్టుకుంది. కోటలు కట్టుకోవడం, పక్కవాడి కోట మీద పడడం, అంతే కదా ఆట. మనం పడుకున్నా అవతలివాడు మేలుకునే ఉంటాడు. మన జట్టుకు, అదే దండుకు, పెద్దనయ్యాక నా కోట ఒక్కటే కాదు, అందరి కోటలూ నావే అయ్యాయి. గోదావరిఖని వాడి మీద దాడి జరిగినా నన్నే లేపుతారు, టర్కీలో ఉన్న వాడికి అలక వచ్చినా నేనే తీర్చాలి. ఆ ముఖాలు ఎట్లా ఉంటాయో కూడా నాకు తెలియదు.

స్టేషన్‌లో రైలు కూత పెడితే దాడి బూర అనుకుని ఉలిక్కిపడుతున్నాను. కుడి మణికట్టు తిమ్మిరెక్కి గ్లాసు పట్టుకోనివ్వడం లేదు. ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ళ మాట ఎప్పుడు ముగుస్తుందా అని చూస్తున్నాను. "ఆడుతున్నాను" అనే మాట నా నోట రాక ఏడాది దాటింది, "చూసుకుంటున్నాను" అంటున్నాను. మొన్న అవ్వ అన్నం కలిపి తెచ్చింది. "ఆగు, దాడి అయితుంది" అన్నాను. నేను తల తిప్పేసరికి ఆమె గడపకు ఆనుకుని నిద్రపోతోంది, ఒళ్ళో కంచం, మెతుకులు ఎండిపోయాయి. ఆ పొద్దే ఫోన్ బియ్యంలోకి పోయింది.

నా కోట తాళం, అదే పాస్‌వర్డ్, నీకు పంపేశాను. ఇకనుంచి దండును నువ్వు చూడు. నేను అలసిపోయానని మాత్రం వాళ్ళకు చెప్పకు, జనగామలో కరెంటు ఉండటం లేదని చెప్పు. అది అబద్ధం కూడా కాదు. నేను లేకుండా దండు నిలబడుతుందా లేదా, ఆ ఒక్కటి నిజంగా రాయి. అది తెలిసేదాకా నాకు నిద్ర రాదు.

ధర్మేందర్


మహబూబాబాద్
29-8-2011

ధర్మన్నకు సక్రు రాస్తున్నది.

మా నెట్ సెంటర్ తెరిచినప్పటి నుంచి పోస్ట్‌మన్ గుమ్మం ఎక్కడం ఇదే మొదలు. కంప్యూటర్లన్నీ ఒకసారి చూసి, "గివన్ని పెట్టుకొని గూడ ఉత్తరాలు రాసుకునుడేందయ్యా" అన్నాడు. ఏం చెప్పను? మా అన్నకు కొత్తగా బుద్ధి వచ్చిందన్నాను. ఇంకో మాట. నోటితో అయితే మన మాటే వస్తుంది నాకు, కలం పట్టుకుంటే బడి భాష దిగుతోంది. నీదీ అదే తీరు. పక్క పక్కన కూర్చుంటే ఇట్లా మాట్లాడుకుంటామా మనం?

ఇక దండు సంగతి. నీ కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నారన్నా. పొద్దున లేస్తే "పెద్ద ఎక్కడ, పెద్ద ఎప్పుడు వస్తాడు" ఇదే గోల. ఎదుటి దండు, ఆ నల్లజెండా వాళ్ళు, మన సరిహద్దులో కాచుకుని ఉన్నారు. నేను ఏదో కిందామీదా పడి నెట్టుకొస్తున్నాను గానీ, నీ జాగాలో ఇంకొకడు ఇమడడు. మనసులో పెట్టుకుని కుమిలిపోకు. నువ్వు లేకపోతే ఇది లేదు. కొన్నాళ్ళు పడుకో, తిను, మణికట్టుకు కొబ్బరినూనె రాయించుకో. దండు ఎక్కడికీ పోదు.

ఇక్కడ మానుకోట గోడల నిండా సమ్మె రాతలే. వచ్చే నెల అన్నీ బంద్ అంటున్నారు, బస్సులు, బళ్ళు, ఆఫీసులు, బొగ్గుబాయిలు. భూపాలపల్లిలో మీ మధుకర్ బావ కూడా బాయి దిగడేమో. తిరుమలక్కను అడిగినట్టు చెప్పు. అవ్వకు నా దండాలు, ఆమె నవ్వుకు వంద దండాలు.

సక్రు


జనగామ
17-9-2011

సక్రూ,

నీ ఉత్తరం చదివిన పూట నేను అన్నం ముట్టలేదు. నీ తప్పు కాదు, నిజం రాయమన్నది నేనే. కానీ "సరిహద్దులో కాచుకుని ఉన్నారు" అన్న మాట నా పక్క మీదికి ఎక్కి కూర్చుంది. కొన్ని రోజులు తట్టుకున్నాను. పదో నాడో పన్నెండో నాడో ఇక ఆగలేక కంప్యూటర్ ఉన్న మా షాపు తాళం చెవి తీసుకుని బయల్దేరాను. ఒక్కసారి ఆట తెరిచి, దండులో అందరికీ ఒక మాట చెప్పి మూసేద్దామనుకున్నాను. ఆ ఒక్కసారి సంగతి నీకు తెలియంది కాదు.

సమ్మె మొదలైంది కదా, చౌరస్తా అంతా జనం. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వండుతున్నారు. పక్కన దీక్షా శిబిరం. రోజుకొక సంఘం వాళ్ళు పొద్దున దండలు వేసుకుని కూర్చోవడం, సాయంత్రం నిమ్మరసం తాగి లేవడం, మర్నాడు ఇంకో సంఘం. ఆ రోజు దర్జీల వంతు. వాళ్ళలో ఒకతను రాలేదట. శిబిరం నడిపేది మన సోమనర్సయ్య సారే, బళ్ళో నాకు సోషల్ చెప్పినాయన. నన్ను చూసి చెయ్యి పట్టుకున్నాడు.

"ధర్మేందర్, జర కూసో బిడ్డా. దర్జీలల్ల ఒగలు తక్కువైండ్రు."

"నాకు కుట్టుడు రాదు సార్."

"కూసునుడు వస్తదా?"

కూర్చున్నాను. మెడలో బంతిపూల దండ, నుదుట బొట్టు, వీపుకు ఒక మెత్త. ఎదురుగా మైకు, డప్పులు, పాటలు. ఎంత చప్పుడో చెప్పలేను. సక్రూ, నేను నిద్రపోయాను. కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే, స్పీకర్ డబ్బా పక్కనే, సాయంత్రం దాకా. ఏడాదిలో అట్లాంటి నిద్ర ఎరగను. ఎందుకో తెలుసా? అక్కడ కూర్చున్నవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. ఫోన్ తీయమనరు, చూసుకోమనరు. కూర్చోవడమే వాడి పని.

మర్నాడు ఆటో డ్రైవర్ల వంతు. ఒకతని కూతురికి జ్వరమంటే అతని జాగాలో కూర్చున్నాను. ఆ మర్నాడు నాయీబ్రాహ్మణ సంఘం, తర్వాత వకీళ్ళు. దర్జీనయ్యాను, ఆటో డ్రైవర్నయ్యాను, నల్లకోటు లేని వకీలునయ్యాను. మహిళా సంఘం వంతు నాడు కూడా వెళ్ళాను గానీ సార్ ఒప్పుకోలేదు. ఆ రోజు ఇంట్లో ఉండలేక శిబిరం వెనక చాప మీద పడుకున్నాను.

ఒక్కటే ముల్లు గుచ్చుతోంది. పక్కన కూర్చున్నవాళ్ళు తెలంగాణ కోసం కడుపు మాడ్చుకుంటున్నారు. నాకు లేదా ఆ కోరిక? ఉంది. కానీ నేను కూర్చున్నది దాని కోసం కాదు, దండు నుంచి దాక్కోవడం కోసం. ఈ మాట నీ దగ్గరే ఉండనీ.

ధర్మేందర్


మహబూబాబాద్
26-9-2011

ఆటో తోలడం రాని ఆటో డ్రైవరన్నకు,

నీ ఉత్తరం చదివి మా సెంటర్లో ఒక్కణ్ణే పడిపడి నవ్వాను. కుట్టు రాని దర్జీ, కేసు లేని వకీలు. ఇంకా ఎన్ని సంఘాలు మిగిలాయన్నా? మా బంజారాల వంతు వస్తే చెప్పు, నీకు తలపాగా నేనే చుడతాను. ముల్లు ముల్లు అని నలుగుతున్నావు గానీ, ఆకలి అందరికీ ఒకటే కదా. ఏ కారణంతో మాడినా అది ఆ లెక్కలోకే వస్తుంది. కూర్చో, పడుకో. కానీ రాత్రి ఇంటికి పోయి తింటున్నావా? ఆ సంగతి నువ్వు రాయలేదు.

రైల్ రోకో రెండు రోజులు మా ఊరు స్టేషన్లో పట్టాల మీదే గడిచింది. నేనూ కూర్చున్నాను, నిద్ర మాత్రం రాలేదు, కంకర గుచ్చుకుంది.

సమ్మెకు సెంటర్ మూసేశాం. అందుకని అంతకుముందు కొత్తగూడ దగ్గర మా తండాకు వెళ్ళి కొన్నాళ్ళు ఉండి వచ్చాను. మక్కలు కంకి పట్టాయి, అడవి పందులు దిగుతున్నాయి. చేన్ల మధ్య మంచె వేసి ఇంటికొకరు చొప్పున రాత్రి కావలి. మా ఇంటి వంతు నేను కాశాను. మర్నాడు పక్కింటి ముసలాయనకు బాగాలేదంటే ఆయన వంతు కూడా నేనే ఉంటానన్నాను. మా యాడి ఒప్పుకోలేదు. కన్నతల్లే కొడుకు మీద అరిచింది. మా మాటలో అన్నది నీకు తెలుగు చేసి రాస్తున్నాను: "రెండో రాత్రి మంచె మీద ఉన్నోడు పందులు కాళ్ళ కింద తిరిగినా లేవడు. నీ వంతు అయింది, దిగు." ముసలాయన బదులు ఆయన కోడలు ఎక్కింది. చేనుకు ఏమీ కాలేదు.

దండు బాగానే ఉంది. అందరి ఆశా నీ మీదే. తొందరేమీ లేదు, నీ జాగా నీకు ఉంటుంది.

సక్రు


జనగామ, దీక్షా శిబిరం
10-10-2011

సక్రూ,

అక్షరాలు వంకర పోతున్నాయి, సర్దుకుని చదువు. ఒక తప్పు జరిగిపోయింది. ఎవరూ కావాలని చేసింది కాదు, కానీ నేను ఇందులోంచి ఎట్లా బయటపడాలో నాకు తెలియడం లేదు.

నువ్వు అడిగావు కదా, రాత్రి తింటున్నానా అని. మొదట్లో తిన్నాను. ఇంటికి వెళ్తే షాపు కనిపిస్తుంది, షాపు కనిపిస్తే కాళ్ళు అటే పోతాయి. అందుకని శిబిరంలోనే పడుకోవడం మొదలుపెట్టాను. నిమ్మరసం, ఒక అరటిపండు, అంతే. అవ్వ గిన్నె తెచ్చేది, ఆకలి లేదని పంపేసేవాణ్ణి. నిజంగానే ఉండేది కాదు. ఇది జనం కంట పడింది. ఏ సంఘం కూర్చున్నా ఈ పిల్లగాడు మాత్రం లేవడం లేదు, రాత్రి కూడా తినడం లేదు అని మాట పుట్టింది. బతుకమ్మ నాడు ఆడవాళ్ళు మా శిబిరం ముందే ఆడారు. ఆడి, ఒక్కొక్కరూ వచ్చి నా నుదుట బొట్టు పెట్టి పోయారు. ఒక అవ్వ నా కాళ్ళు ముట్టబోతే వెనక్కి లాక్కున్నాను. జిల్లా పేపర్లో ఫోటో వచ్చింది. అందులో నా కళ్ళు మూసుకుని ఉన్నాయి, కింద "ధ్యానంలో" అని రాశారు.

దసరా అయిన రెండో నాడు సోమనర్సయ్య సార్ మైకులో చెప్పాడు. "గీ పిలగాడు అన్నం ముట్టక ఎన్నొద్దులాయెనో. ఇయ్యాల్టి సంది మన ధర్మేందర్ ఆమరణ దీక్షకు కూసుంటున్నడు." డప్పులు మోగాయి. సార్ నా వైపు తిరిగి చిన్నగా అడిగాడు, "కూసుంటవు గద బిడ్డా?" అని. ఆ ఒక్క నిమిషంలో "లేదు సార్" అనాల్సింది. నేను తల ఊపాను. దండులో ఎవడు ఏం అడిగినా తల ఊపి ఊపి అదే అలవాటైంది, ఇంకో తీరు నా మెడకు రాదు.

మూడో రోజు ఇది. మంచినీళ్ళు, ఉప్పు. పొద్దునా సాయంత్రం డాక్టరు వచ్చి బీపీ చూస్తున్నాడు, చూసి ఏమీ అనకుండా సార్‌ను పక్కకు తీసుకుపోతున్నాడు. మూల మీద పోలీసు వ్యాను, దాని వెనక అంబులెన్సు నిలబడి ఉన్నాయి. పక్క ఊళ్ళ నుంచి ట్రాక్టర్ల మీద జనం వస్తున్నారు నన్ను చూడటానికి. అవ్వ ఎదురుగా చాప మీద కూర్చుని నన్నే చూస్తోంది, ఒక్క మాట అనదు. తిరుమలక్క భూపాలపల్లి నుంచి కబురు పంపింది, బావను పంపుతానని. వద్దన్నాను. నేను లేస్తే శిబిరం పడిపోతుందని అందరూ అంటున్నారు. నిజమేనేమో. ఈ మాట నేను ముందే ఎక్కడో విన్నాను కదా? దండు నుంచి దాక్కోవడానికి ఇక్కడికి వచ్చాను, ఇది ఇంకో దండు అయి కూర్చుంది. అక్కడైతే ప్లగ్గు పీకేయొచ్చు.

నిద్ర కూడా పోయింది. కళ్ళు మూస్తే బూర వినిపిస్తోంది.

పడుకుని నీ ఉత్తరాలు మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాను. ఒక అనుమానం. తండాకు వెళ్ళి కొన్నాళ్ళు ఉన్నానని రాశావు. కొత్తగూడ అడవిలో ఫోనే పలకదు. సెంటర్ కూడా మూసేశామన్నావు. మరి ఆ రోజుల్లో దండును ఎవరు చూశారు?

ధర్మేందర్


మహబూబాబాద్
14-10-2011

అన్నా,

నీ ఉత్తరం ఇందాకే అందింది. నీ ఫోన్ ఇంకా బియ్యంలోనే ఉంది, ఎన్నిసార్లు చేసినా పలకదు. రేపటి నుంచి మళ్ళీ రైల్ రోకో, ఈ పూట నుంచే రైళ్ళు రద్దు చేశారు. బస్సులు సరేసరి. పక్క వీధి వకీలు ఒకాయన మోటారు సైకిల్ మీద జనగామ మీటింగుకు బయల్దేరుతున్నాడు, వెనక ఇప్పటికే ఒకడు ఎక్కి ఉన్నాడు. ఆయన బండి తుడుచుకునే లోపల ఇది రాసి ఇవ్వాలి.

దండును ఎవరూ చూడలేదు. చూసే దండు లేదు.

నువ్వు ఆట వదిలిన మొదటి రెండు రోజులు అడిగారు, పెద్ద ఎక్కడ అని. కరెంటు లేదన్నాను. మూడో రోజు ఎవరూ అడగలేదు. నిజామాబాద్ అతను ఒకడు "నేను చూసుకుంటా" అన్నాడు, సరే అన్నారు. వారం తిరగకముందే నల్లజెండా వాళ్ళతో రాజీ చేసుకుని రెండు దండుల్నీ కలిపేశారు. ఇప్పుడు జెండా రంగు కూడా వేరు. యుద్ధం లేదు, ఎవరి కోటలు వాళ్ళు కట్టుకుంటున్నారట, సంతోషంగానే ఉన్నారట. నాకూ బోరు కొట్టి ఆపేశాను. నీ మొదటి ఉత్తరానికి జవాబు రాసే నాటికే ఇదంతా జరుగుతోంది.

మరి అట్లా ఎందుకు రాశానంటే, నేను నీ మాటను తప్పుగా అర్థం చేసుకున్నాను. "నేను లేకుండా దండు నిలబడుతుందా" అని అడిగావు. నిలబడింది అని రాస్తే నీ గుండె పగులుతుందేమో అనుకున్నాను. అన్ని రాత్రులు మేలుకున్న మనిషికి "నిన్ను మూడో రోజే మర్చిపోయారు" అని ఎట్లా రాస్తాను? అందరూ ఎదురుచూస్తున్నారని రాస్తే బలం వస్తుందనుకున్నాను. నీకు బలం వద్దని, సెలవు కావాలని నాకు తట్టలేదు. నేను చేసిన ఆ మంచి పని ఇప్పుడు నిన్ను చాప మీద పడేసింది. నాకు నా మీద ఎంత కోపంగా ఉందో, నీ మీద కూడా అంతే ఉంది. తల ఊపేముందు ఒక్కసారి ఆలోచించవా?

లే అన్నా. దండ తీసెయ్. ఎవరూ చావడం కోసం తెలంగాణ అడగలేదు. నువ్వు లేస్తే శిబిరం పడిపోదు. దండు గురించి కూడా ఇట్లాగే అనుకున్నావు. పడిపోతుందని భయమైతే ఆ జాగా నా పేరున ఉంచు. సైకిల్ మీదైనా, నడిచైనా వస్తున్నాను. మంచె మీద నీ వంతు అయిపోయింది.

వకీలు హారన్ కొడుతున్నాడు.

సక్రు


భూపాలపల్లి
17-10-2011

సక్రూ,

జనగామ శిబిరం చిరునామాకే ఇది వేస్తున్నాను. నువ్వు అక్కడికి చేరావో లేదో తెలియదు. తిరుమలక్క ఇంట్లో మంచం మీద ఉన్నాను. మధుకర్ బావ వద్దన్నా వినకుండా బండి వేసుకుని వచ్చాడు, సమ్మెలో బాయి లేదు కదా, నన్ను నడుముకు తువాలుతో కట్టుకుని తెచ్చాడు. దారిలో జారిపోతానని. అక్క గంజి పోస్తోంది, చెంచాడు చెంచాడుగా. ఎక్కువ పొయ్యనివ్వదు, తిట్టడం మాత్రం కడుపునిండా తిడుతోంది.

వకీలు వచ్చి నీ ఉత్తరం నా చేతిలో పెట్టాడు. చదివాను. మూడో రోజు ఎవరూ అడగలేదు అన్న దగ్గర ఆగిపోయాను. ముందు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను, నీ మీద కాదు, వాళ్ళ మీద. వాళ్ళ కోసం అవ్వ ఒళ్ళో అన్నం ఎండిపోయింది. మూడో రోజా? తర్వాత నవ్వు వచ్చింది. పక్కన ఉన్నవాళ్ళు పిల్లగాడికి మతి తప్పిందని డాక్టర్ను పిలిచారు. మతి తప్పలేదు. లోపల ఎన్నాళ్ళ నుంచో బిగుసుకున్నది ఏదో వదులైంది, అంతే. నేను లేచినా ఏమీ కూలదు. ఈ ఒక్క మాట కోసమే కదా నీకు మొదటి ఉత్తరం రాసింది.

సోమనర్సయ్య సార్‌ను దగ్గరికి రమ్మన్నాను. "నాతోని అయితలేదు సార్" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఈ మాట నేను అనడం ఇదే మొదటిసారి. తిడతాడనుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"రెండో నాటి సంది నీ నోట గీ మాట ఎప్పుడొస్తదా అని చూస్తున్న బిడ్డా" అన్నాడు. "డాక్టరు రోజు చెప్తుండు, లేపున్రి అని. నేనే లెమ్మంటే నీకు నామోషి అయితదేమో అనుకున్న."

చూశావా, నీ తీరు మనిషే ఆయన కూడా.

కానీ జనం ఊరుకుంటారా? పొద్దున్నుంచీ ట్రాక్టర్లు వస్తూనే ఉన్నాయి. ఎవరో అననే అన్నారు, "జాగ ఖాళీ అయితే పోలీసోళ్ళు గంటల టెంటు పీకుతరు" అని. వాళ్ళ మాటా అబద్ధం కాదు, వ్యాను అక్కడే ఉంది. సార్ ముఖం పాలిపోయింది. నేను మళ్ళీ తల ఊపబోయాను, ఒట్టు, ఇంకొక్క రోజు ఉంటానని అనేసేవాణ్ణే. అప్పుడు అవ్వ లేచింది. అన్ని రోజులూ నోరు తెరవని మనిషి.

"నా కొడుకు జాగల నేను కూసుంట" అంది. "ఆమరణం గీమరణం నాకు తెల్వదు. పొద్దుమీకిందాక కూసుంట, నిమ్మరసం తాగి లేస్త. రేపు ఇంకొకలు కూసుంటరు. మొదాలు గట్లనే గద నడిచింది?"

సార్ మైకు అందుకుని "ఇయ్యాల నర్సమ్మ వంతు" అన్నాడు. దండ నా మెడలోంచి తీసి నేనే అవ్వ మెడలో వేశాను. చేతులు పైకి లేవకపోతే ఆమే తల వంచింది.

అక్కడి నుంచి వచ్చేశాను. ఇప్పుడు మంచం మీద పడుకుంటే ఒకటే గుబులు. అవ్వ ఎట్లా ఉంది? నువ్వు చేరావా? నేను వచ్చేశాక జనం ఏమన్నారు? పారిపోయాడన్నారా? నిజం రాయి. ఈసారి నా గుండె సంగతి ఆలోచించకు.

ధర్మేందర్


జనగామ, దీక్షా శిబిరం
20-10-2011

అన్నా,

నిజమే రాస్తున్నాను, నమ్ము.

వరంగల్ దాకా పాల వ్యాను, అక్కడి నుంచి ఇటుకల ట్రాక్టరు, చివరికి నడక. నేను శిబిరానికి చేరేసరికి పొద్దు వాలుతోంది. మీ అవ్వ దండ వేసుకుని మఠం వేసుకుని కూర్చుని, పక్కనున్న ఆడవాళ్ళకు నీ చిన్నప్పటి సంగతులు చెబుతోంది. నన్ను చూసి, "అచ్చినవా సక్రూ, తిన్నవా" అంది. నిమ్మరసం తాగి లేచి ఇంటికి పోయింది. మర్నాడు పొద్దున బియ్యం డబ్బాలోంచి నీ ఫోన్ తీసి నాకు చూపించి, "గిది మొలకెత్తలే" అని మళ్ళీ అందులోనే పెట్టింది. బాగుంది, భయపడకు.

నిన్న నీ ఉత్తరం అందింది. ఈ రోజు నేను కూర్చున్నాను. బట్టలు ఉతికే సంఘం వాళ్ళ వంతు, వాళ్ళలో నేనూ ఒకణ్ణి. నీకు పేరు తెచ్చిన జాగా అదే, స్పీకర్ డబ్బా పక్కన. నిన్ను ఎవరెవరు ఏమంటారో విని రాద్దామని పొద్దున్నుంచీ చెవులు రిక్కించుకుని ఉన్నాను. అడగకపోతే నేనే కెలికి అడిగిద్దామని కూడా అనుకున్నాను. జనం వచ్చారు, పాటలు పాడారు, బొట్టు పెట్టారు, మజ్జిగ అమ్మేవాడితో బేరమాడారు, పోయారు. ఎవరూ ఏమీ అనలేదు. ఎక్కడో పల్లె నుంచి ట్రాక్టరు మీద వచ్చిన ఒక ముసలవ్వ మాత్రం నా ముఖంలో ముఖం పెట్టి చూసింది. నీ కాళ్ళు ముట్టబోయింది ఈమేనేమో.

"మొన్నటి పిలగాడు ఏడి?" అని అడిగింది.

"ఇంటికి పోయిండవ్వా."

"తిన్నడా?"

"తిన్నడు."

"మంచిగైంది" అని నా నుదుట బొట్టు పెట్టి, పక్కవాడి దగ్గరికి జరిగింది.

అంతేనన్నా. నిజం ఇంతే ఉంది, ఇంకా ఉంటే రాసేవాణ్ణి. ఆమె అట్లా జరిగిపోయాక నాకు ఎందుకో ఏడుపొచ్చింది. నిన్ను పిలిచి ఆ ఒక్క మాట వినిపించాలనిపించింది.

సాయంత్రం నిమ్మరసం తాగి లేచాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి. దండ తీసి సార్ చేతికి ఇచ్చి మీ ఇంటికి అన్నానికి పోయాను. రేపు ఎవరి వంతో నాకు తెలియదు. అడగలేదు.

సక్రు